తీతువు గుడ్లకి నేను పెట్టిన గడువు

“మీరు చెప్పిన ఇరవై ఒక్క రోజులూ నిన్నటితో అయిపోయాయండి మామ్మగారూ. ఇంక నా వల్ల కాదు.”

“అయితే ఏంటి? ఇరవై రెండో రోజు నుంచి వాటికి ప్రాణం ఉండదా?”

“ప్రాణం సంగతి నాకు తెలీదండి. రేపు పొద్దున్న ఆరున్నరకి రోలర్ వస్తుంది. మీరే కదండీ అన్నారు, నా మాట రాసి పెట్టుకో బాబూ, ఇరవై ఒకటో రోజుకి పిల్లలు లేచి పోతాయని. నేను నిజంగానే రాసి పెట్టుకున్నాను. ఇదిగోండి, ఫోన్లో ఉంది.”

“లెక్క తప్పాను. నా నోటితో నేనే ఒప్పుకుంటున్నాను. ఇంకో వారం ఆగు.”

“మా పైవాళ్ళకి ఏం చెప్పమంటారండి? ఒక మామ్మగారు లెక్క తప్పారు, అందుకని పార్కింగ్ ఆగిందని చెప్పమంటారా?”

“చెప్పు. అందులో అబద్ధం ఏముంది?”

“ఇంతకీ ఆ పిట్టకి మీరు మేనత్తా అండీ?”

పక్కన పారలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కూలీలు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“మేనత్తనయితే ఇలా నీతో మర్యాదగా మాట్లాడుతూ నిలబడేదాన్ని కాదు” అన్నాను. “నీ గేటు ముందు ఆ బోర్డు చూశావా? పక్షులను కాపాడండి అని ఇంతింత అక్షరాలు. నాలుగో తరగతితో ఆపేసిన నాలాంటి దానికి కూడా కళ్ళజోడు లేకుండా కనబడతాయి. ఆ బోర్డు మీద గీసిన పిట్టల్లో ఈ పిట్ట కూడా ఉంది. బొమ్మకి రంగులు వేయించి, పిట్ట మీద రోలర్ తోలిస్తావా?”

“బోర్డు మా కాంట్రాక్టు కాదండి” అన్నాడు ఆ సూపర్‌వైజరు.

ఈ ముక్క నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మంచి కుర్రాడే. ప్రతి మాటకీ అండి తగిలిస్తాడు. నేను ఎండలో నిలబడితే నీళ్ళ సీసా ఇవ్వబోయాడు కూడా, నేను పుచ్చుకోలేదు గానీ. కానీ ఆ మర్యాదంతా పైనే. లోపల ఉన్నది ఒకటే మాట, అది మా కింద లేదండి అని.

అసలు సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మా ఊరు సముద్రానికి దగ్గర. గోదావరి పాయ ఒకటి ఉప్పునీళ్ళలో కలిసే చోట మడ అడవి ఉంది. ఆ అడవినీ, దాని పక్కనున్న చిత్తడి నేలనీ కలిపి పార్కు చేశారు. లోపల చెక్క వంతెన వేశారు, ఎక్కి చూడటానికి ఒక ఎత్తు మేడ కట్టారు. కాకినాడ నుంచీ, రాజమండ్రి నుంచీ ఆదివారాలు కార్లేసుకుని వస్తారు. మా చిన్నప్పుడు అక్కడికి పీతల కోసం వెళ్ళేవాళ్ళు, పుల్లల కోసం వెళ్ళేవాళ్ళు. పిట్టల్ని చూడటానికి వెళ్ళడం అనేది ఒక పని అని నాకు తెలీదు.

నాకు చక్కెర జబ్బు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. రోడ్డు మీద నడిస్తే లారీలు. పార్కులో పొద్దున్న ఎనిమిది లోపు ఊళ్ళో వాళ్ళకి టికెట్టు లేదు. కనుక అక్కడ నడవడం మొదలుపెట్టాను. మా మనవరాలు, అంటే మా అబ్బాయి కూతురు, కాకినాడలో హాస్టల్లో ఉండి జంతువుల చదువు చదువుతోంది. అది ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు తన పాత బైనాక్యులర్ నా మెళ్ళో వేసి, “ఊరికే నడిచే కంటే చూస్తూ నడువు మామ్మా” అంది. మొదటి నాలుగు రోజులూ దాన్ని కళ్ళకి పెట్టుకుంటే నాకు ఎదురుగా ఉన్న గేదె కూడా కనబడలేదు. తర్వాత అలవాటయింది. అది ఇంగ్లీషులో పేర్లు చెప్పేది, నేను మన పేర్లు చెప్పేదాన్ని. నీటికాకి, బుడబుంగ, లకుముకి పిట్ట, గూడబాతు. “ఇవన్నీ నీకు తెలుసా మామ్మా” అని ఆశ్చర్యపోయింది. తెలియకపోవడానికి నేనేమైనా బొంబాయిలో పుట్టానా? పేర్లు తెలుసు. చూడటమే ఎప్పుడూ చూడలేదు. పొలంలో కొంగ వాలితే కొంగ వాలిందనుకోవడమే గానీ, అది నిలబడ్డ చోట కాలుతో బురద కదిపి చేపని లేపుతుందని డెబ్భై ఏళ్ళు దాటాక తెలిసింది నాకు.

ఎండలు ముదురుతున్న రోజులవి. గేటు పక్కన ఎప్పుడో పోసి వదిలేసిన గ్రావెల్ నేల ఉంది, పెద్ద కళ్ళం అంత. దాని పక్క నుంచి వెళుతుంటే నెత్తి మీదికి ఒక పిట్ట దూసుకొచ్చింది. టిట్టిటీ టిట్టిటీ అని ఒకటే గోల. పసుప్పచ్చ కాళ్ళు, నల్లటి రొమ్ము, కంటి ముందు ఎర్రటి తోలు. తీతువు పిట్ట. మా వైపు దాని అరుపు వింటే ఇంట్లో చావు వస్తుందంటారు. అది ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఆడవాళ్ళు చీపురు తీసి విసిరేవాళ్ళు. మా అత్తగారు అయితే తిట్టి ఉమ్మేసేవారు. నేను మాత్రం అబద్ధం ఎందుకు చెప్పాలీ, ఆ అరుపు ఎన్నో సార్లు విన్నాను. పోవలసిన వాళ్ళు అది అరవని రోజున కూడా పోయారు.

గొడుగు వేసుకుని దూరంగా నిలబడ్డాను. నిలబడటం నాకు అలవాటే, బియ్యం దుకాణాల దగ్గర నిలబడ్డ ప్రాణం. అరగంటకి పిట్ట అరుపు మానేసి, అటూ ఇటూ నడిచి, ఏమీ ఎరగనట్టు ఒక చోట కూర్చుంది. మర్నాడు అది లేచినప్పుడు బైనాక్యులర్ పెట్టి చూశాను. వట్టి నేల మీద, గులకరాళ్ళ మధ్య, రెండు గుడ్లు. మూడు రోజులకి నాలుగయ్యాయి. బురద రంగు మీద నల్ల మచ్చలు. సన్నటి కొసలు నాలుగూ లోపలికి తిప్పి పెట్టుకుంది. గూడు లేదు. చుట్టూ నాలుగు రాళ్ళు, ఎండిన మేక పెంటికలు, అంతే. నేను ఎంతోమంది కాపరాలు చూశాను గానీ ఇంత పొదుపైన కాపరం చూడలేదు. ఒక్క పుల్ల దండగ చెయ్యలేదు.

ఇంటికొచ్చి గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీకి పెన్సిలుతో సున్నా చుట్టాను.

ఆ ఆదివారమే కెమెరాల వాళ్ళు వచ్చారు. చెట్ల రంగు చొక్కాలు, మోచేతి పొడుగు కెమెరాలు. వాళ్ళ కారు తెచ్చి సరిగ్గా ఆ నేల మీద పెట్టబోతే నేను అడ్డం నిలబడి, “అక్కడ గుడ్లున్నాయి, ఇవతల పెట్టుకోండి” అన్నాను.

“ఏ బర్డ్ అండీ?” అన్నాడు ఒకాయన, ఎంతో ఆత్రంగా.

“తీతువు.”

ఆయన అద్దంలోంచి ఒకసారి చూసి, “ఓ, అదా అండి. కామన్ బర్డ్ అండి అది, ఎక్కడైనా ఉంటుంది” అన్నాడు. కారు మాత్రం పక్కకి తీశాడు, అంతవరకూ మంచిదే. మడ అడవిలోకి ఏదో అరుదైన పిట్ట వచ్చిందట, దాని కోసం తెల్లారకముందే బయల్దేరి వచ్చారట. నాకు ఆ రోజంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. ఎక్కడైనా ఉండేదానికి ప్రాణం తక్కువా? అరుదైనదయితే తప్ప కళ్ళు తిప్పి చూడరా? ఈ దేశంలో నేనూ ఎక్కడైనా ఉండే ముసల్దాన్నే.

తర్వాత రెండు రోజులకి ఈ సూపర్‌వైజరు టేపు పట్టుకుని వచ్చాడు. సున్నంతో గీతలు గీయించాడు. గీత సరిగ్గా గుడ్ల పక్క నుంచే వెళ్ళింది. కార్లు నిలబెట్టడానికి ఆ నేలంతా చదును చేసి, కంకర పోసి, రోలర్ తోలి, పైన టైల్స్ పరుస్తారట. ఎవరో పెద్దాయన పార్కు చూడటానికి వస్తున్నాడట.

నేను అతన్ని పిలిచి గుడ్లు చూపించాను. ముందు అతనికి కనబడలేదు. “ఏవండీ, రాళ్ళే కదండీ” అన్నాడు. కొంచెం వంగమని చూపిస్తే అప్పుడు, “అమ్మో, ఇవి గుడ్లాండీ” అని వెనక్కి గెంతాడు. సంతోషపడ్డాను. వీడికి మనసుందనుకున్నాను.

“కంకర రావడానికి ఎలాగూ మూడు వారాలు పడుతుందండి” అన్నాడు. “ఈలోగా పిల్లలు అయిపోతాయాండీ?”

అప్పుడు నేను చేసిన పని ఇది. చిన్నప్పటి నుంచీ కోళ్ళు పెంచినదాన్ని. గంప కింద కోడిని పొదగేసి, ఇరవై ఒకటో రోజున గంప ఎత్తితే పచ్చటి పిల్లలు. నా చేతి మీద అది ఒక్క రోజు అటూ ఇటూ కాలేదు. కోడి కంటే చిన్న పిట్ట కదా, దానికి అంతకంటే ఎక్కువ ఎందుకు పడుతుంది అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. ఛాతీ విరుచుకుని చెప్పాను. “గుడ్లు నాలుగైన రోజు నుంచి ఇరవై ఒకటి. రాసి పెట్టుకో బాబూ. ఇరవై రెండో రోజున నువ్వు రోలర్ తెచ్చుకున్నా నేను అడగను.”

అడగను అన్నాను. నా నోటితో నేను అన్నాను.

ఆ మూడు వారాలూ రోజూ వెళ్ళాను. పన్నెండు అడుగుల దూరంలో నిలబడేదాన్ని, అంతకంటే దగ్గరికి వెళితే తల మీదికి వచ్చేది. మూడు వారాలు చూసినా నన్ను అది నమ్మలేదు. మంచిదే, నమ్మకూడదు. మొగుడూ పెళ్ళాం వంతులేసుకుని కూర్చునేవి. ఎండ బాగా ముదిరాక ఒకటి చిత్తడి దగ్గరికి పోయి, నీళ్ళలో పొట్ట ముంచి, ఆ తడి పొట్టతో పరిగెత్తుకుంటూ వచ్చి గుడ్ల మీద కూర్చునేది. చల్లదనం కోసం. ఈ సంగతి చెబితే మా కోడలు నమ్మలేదు. “పిట్టకి అంత తెలివి ఉంటుందాండీ అత్తయ్యగారూ” అంది. నీకు లేదా, నాకు లేదా, దానికెందుకు ఉండదు?

కుక్కని తోలాను. మేకల్ని తోలాను. ఒక రోజు ఎవరో దంపతులు సెల్ఫీ అని సరిగ్గా అక్కడికే వెళుతుంటే అరిచాను. “ఇదేం పార్కండీ, ముసలమ్మలు కాపలానా” అన్నాడతను. పక్కనున్నావిడ, “పోనీలెండి, పెద్దావిడ” అంది. ఆ పోనీలెండి నాకు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. పిట్ట కూర్చునే ఉంది. సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూశాను. కూర్చునే ఉంది. ఇంటికొచ్చి మనవరాలికి ఫోను చేయించాను.

“ఇరవై ఎనిమిది మామ్మా. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. ఎందుకు?” అంది.

నేను అలాగే మంచం మీద కూర్చుండిపోయాను. ఇరవై ఎనిమిది. బాతుకి పట్టినన్ని రోజులు. మా అమ్మ బాతుగుడ్లు తెచ్చి కోడి కింద పెట్టి పొదిగించేది. కోడి తన లెక్క ప్రకారం ఇరవై ఒకటో రోజున లేచిపోబోతే, దాన్ని పట్టుకుని ఇంకో వారం కూర్చోబెట్టడం నా పని. పదేళ్ళ దాన్ని, గంప మీద కూర్చుని ఏడుస్తూ కాపలా కాసేదాన్ని. నీళ్ళ పట్టున తిరిగే పిట్టల లెక్క వేరని ఈ చేతులకి తెలుసు. నోటికి గుర్తు రాలేదు. ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ అజాగ్రత్త మీద విరుచుకుపడిన దాన్ని, ఆ గుడ్ల మీదికి రోలర్‌ని తారీఖు పెట్టి మరీ పిలిచింది నేనే. ఎవరి మీద అరవాలి?

“నన్ను అడగొచ్చు కదా మామ్మా ముందే” అంది మనవరాలు.

“కోడిపిల్లల గురించి నిన్ను అడగాలా నేను?” అన్నాను.

“అవి కోడిపిల్లలు కావు కదా.”

ఫోను పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న జరిగిందే ముందు నేను చెప్పిన గొడవ. బోర్డు మా కాంట్రాక్టు కాదన్నాక, సూపర్‌వైజరు కొంచెం గొంతు తగ్గించి, “మామ్మగారూ, నాకేమీ సరదా కాదండి. పెద్దాయన వచ్చేలోగా అవ్వకపోతే నన్ను తీసేస్తారండి. నాలుగు గుడ్లు తీసి అవతల గడ్డిలో పెట్టేస్తాను, సరేనాండీ?” అన్నాడు.

“పెట్టు. నిన్ను తీసుకెళ్ళి పక్కింట్లో పెడితే మీ అమ్మ అక్కడికొచ్చి అన్నం పెడుతుందా? చోటు మారితే ఆ పిట్ట కూర్చోదు.”

“అయితే నేనేం చెయ్యలేనండి.”

పార్కు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ బల్ల వెనకున్నాయన నన్ను కూర్చోమన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. చెప్పిందంతా విన్నాడు. “గేటు లోపలయితే మా బాధ్యతండి. పార్కింగ్ గేటు బయట కదండీ, అది వేరే వాళ్ళు చూస్తారు” అన్నాడు. పిట్టకి గేటు తెలుసా అని అడిగాను. నవ్వాడు. “భలే మాట్లాడతారండి మామ్మగారు” అని పక్కాయనతో అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కావాలంటే కాగితం రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. నా అక్షరాలు పెద్దవి, పేజీ నిండిపోయింది, విషయం ఇంకా సగం ఉంది. వెనక పక్కన రాశాను. దాన్ని ఆయన ఒక అట్టలో పెట్టి, “సోమవారం పెద్దసారు వస్తారండి” అన్నాడు. ఆ రోజు గురువారం.

నడిచి వస్తున్నాను. మా మూడు రోడ్ల దగ్గర ఎవరో దిష్టి తీసి పడేశారు. కోసిన నిమ్మకాయ, కుంకం, రెండు ఎండుమిరపకాయలు. ఒక ఆటో గాలిలా వస్తోంది. ఆ ఆటో అతన్ని నాకు తెలుసు, దూడ అడ్డం వచ్చినా బ్రేకు వెయ్యడు. అలాంటి వాడు ఆ నిమ్మచెక్క చూసి, బండి నెమ్మది చేసి, రోడ్డు దిగి, తుప్పల్లోంచి చుట్టూ తిప్పుకుని వెళ్ళాడు. వెనకాల మోటారు సైకిలు మీద ప్యాంటూ చొక్కా వేసుకున్న ఉద్యోగస్థుడు ఒకడు. వాడూ అంతే. స్కూలు పిల్లల బస్సు కూడా అంతే.

నా జన్మలో దిష్టి తీయలేదు నేను. నా పిల్లలకి జ్వరం వస్తే మందు వేశాను. నిమ్మకాయలు రోడ్డు మీద పారేసే వాళ్ళని చూస్తే, పప్పులో పిండుకోక ఇదేం పోయే కాలం అని తిట్టేదాన్ని. అలాంటి దాన్ని ఆ మూడు రోడ్ల దగ్గర నిలబడి ఆ నిమ్మచెక్కని చూశాను. నాలుగు గుడ్లున్నాయి తొక్కకండి అని మూడు వారాలు అరిచాను, ఎవరికీ పట్టలేదు. ఈ కుళ్ళిపోయే కాయకి బస్సు తప్పుకుని పోయింది.

ఇంటికెళ్ళి, వంటింట్లో బుట్ట కింద ఎండిపోయి గట్టిపడ్డ నిమ్మకాయలు రెండుంటే తీశాను. మంచివి తీయలేదు. పురుగు పట్టిన మిరపకాయలు ఒక గుప్పెడు. పొయ్యిలో బొగ్గులు. పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు చెంబులో పోశాను. కుంకం పొట్లం, ముగ్గు డబ్బా పట్టుకున్నాను. అన్నం ముద్ద మాత్రం వద్దనుకున్నాను, అది పెడితే కాకులు దిగుతాయి, కాకి దిగితే గుడ్లు ఉండవు.

కోడలు చూసింది. “ఎవరికండీ దిష్టి?” అంది.

“పిట్టకి.”

“అత్తయ్యగారూ!” అని గుమ్మానికి అడ్డం వచ్చింది. “మీకు దణ్ణం పెడతాను. అసలే అది తీతువు. చావుపిట్ట. దాని దగ్గర ఎర్రనీళ్ళు పోసి, ముగ్గేసి వస్తే ఊళ్ళో ఏమంటారో తెలుసాండీ? చేతబడి అంటారు. మీకు పోయేదేముంది, రేపు మేం తలెత్తుకు తిరగాలి. మనింటి వైపు ఎవరూ పిల్లల్ని కూడా పంపరు.”

ఆ మాట నిజమే. దాన్ని తప్పు పట్టలేను. మా వైపు ఆ పేరు ఒక ఆడదానికి వస్తే ఎంత వరకూ పోతుందో నేను చూశాను.

“అడిగితే నేను చేశానని చెబుతాను. మీకు తెలీదని చెబుతాను” అన్నాను.

“అది చాలాండీ వాళ్ళకి?”

“చాలదు” అని, పక్కకి జరగమన్నాను. జరిగింది. మొహం తిప్పుకుంది.

సాయంత్రం నాలుగింటికి కూలీలు టీకి వెళ్ళారు. ఎండ ఇంకా కాళ్ళు కాలుస్తోంది. పిట్ట గుడ్ల మీద కూర్చుని నోరు తెరుచుకుని రొప్పుతోంది. పన్నెండు అడుగుల దూరంలో గుండ్రంగా ముగ్గు గీత లాగడం మొదలుపెట్టాను. రెండో పిట్ట గొడుగు మీద తన్నింది. తన్నించుకుంటూనే చుట్టూ తిరిగాను. నాలుగు వైపులా నాలుగు నిమ్మచెక్కలు, వాటి మీద కుంకం, పక్కన మిరపకాయలు, బొగ్గు. గీత మీద ఎర్రనీళ్ళు. నడుం పట్టేసింది. ఒక మంత్రమైనా రాదు నాకు. ఇన్నేళ్ళూ ఇళ్ళ ముందు ముగ్గేసిన చేయి కనుక గీత మాత్రం తిన్నగా వచ్చింది.

టీ తాగి వచ్చిన కూలీలు గీత దగ్గర ఆగిపోయారు. ఒకడు టీకి వెళ్తూ వదిలేసిన పార గీత లోపల ఉండిపోయింది. దాని కోసం వాడు లోపలికి వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికే నేను గొడుగు పట్టుకుని అక్కడ ఉన్నాను. ఆరున్నరకి రోలర్ వచ్చింది. దాని ముందు కొత్త నిమ్మకాయలు కట్టి ఉన్నాయి. డ్రైవరు నడి వయసువాడు. గీతకి పది గజాల ఇవతల బండి ఆపి, దిగి, చెప్పులు విడిచి నిలబడ్డాడు.

సూపర్‌వైజరు అప్పుడే మోటారు సైకిలు దిగాడు. “ఏంటి ఆపేశావు?”

“చూడండి సార్. ఎవరో ఏదో చేశారు. నేను దాని మీద నడపనండి.”

“నిమ్మకాయలయ్యా. తీసి పారేయించు.”

కూలీలు ఎవరూ కదల్లేదు. “మీరు తియ్యండి సార్” అన్నాడు పార పోగొట్టుకున్నవాడు.

సూపర్‌వైజరు గీత దాకా వచ్చాడు. ఒక కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు అలాగే వెనక్కి పెట్టాడు. అటూ ఇటూ చూస్తే నేను కనబడ్డాను. అతనికి అర్థమైంది.

“మామ్మగారూ, ఇది మీ పనేనాండీ?”

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఈ వయసులో నేర్చుకోను కూడా. “నా పనే. నేనే పెట్టాను” అన్నాను.

డ్రైవరు నా మొహం చూడటం మానేశాడు.

“దాటితే ఏమవుతుందండీ?” అన్నాడు సూపర్‌వైజరు, నవ్వబోయి నవ్వలేక.

“నాకు తెలీదు” అన్నాను. అది నిజం. నాకు నిజంగానే తెలీదు.

“ఆయ్, నాకు ఇద్దరాడపిల్లలండి” అన్నాడు డ్రైవరు నేల చూస్తూ. “మీరు వేరే డ్రైవర్ని చూసుకోండి సార్.”

సూపర్‌వైజరు ఫోను తీశాడు. ఎవరితోనో మాట్లాడాడు, పక్కకి వెళ్ళి, చేత్తో నోరు మూసుకుని. తిరిగి వచ్చి నా వైపు చూడకుండా డ్రైవరుతో, “దాన్ని వదిలేసి మిగతాది కానియ్” అన్నాడు.

రోలర్ మిగతా నేలంతా తొక్కింది. నేల అదిరింది. పిట్టలు రెండూ పైన తిరుగుతూ ఒకటే అరుపు. గీత పక్క నుంచి వెళ్ళిన ప్రతిసారీ డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. ఎనిమిది దాటాక బండి గేటు వైపు వెళ్ళింది. గీత లోపల పాత నేల అలాగే మిగిలింది, దాని మీద ఆ పార. కాసేపటికి ఆడదో మగదో, ఒక పిట్ట దిగి, రెండడుగులు నడిచి ఆగి, మళ్ళీ నడిచి, గుడ్ల మీద కూర్చుంది.

నేను గొడుగు మూసి ఇంటికి బయల్దేరాను. గేటు దగ్గర తట్టలు పట్టుకుని నిలబడ్డ కూలీ ఆడవాళ్ళు నాకు దారిచ్చారు. కావలసిన దానికంటే ఎక్కువే పక్కకి జరిగారు.